రాజుగారి ఎంగిలి దూది

ఒక పెద్ద అడవిలో రాజుగారికి గొంతు పోయింది.

పోయిందంటే జలుబు చేసి పోవడం కాదు. కేసరివర్మ అనే ఆ సింహానికి వయసు మీద పడింది. గర్జిద్దామని నోరు తెరిస్తే పాత తలుపు తీసినట్టు కిర్రుమని ఒక చప్పుడొచ్చేది, అంతే. ఈ సంగతి మంత్రివర్గానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే రాజుగారి మాట ఎవరూ వినరు. రాజు మాటే విననివాళ్లు మంత్రుల్ని ఎందుకు లెక్కచేస్తారు? కాబట్టి ఈ రహస్యాన్ని ప్రాణం కంటే ఎక్కువగా కాపాడింది రాజుగారు కాదు, మంత్రులే.

ఉపాయం చెప్పినవాడు కోతి కొమ్మేశ్వరరావు. ఆయన కుర్రతనంలో అడవి అంచున ఉన్న గెస్ట్‌హౌస్ చూరు మీద కొన్నాళ్లు ఉండొచ్చాడు. అప్పట్నుంచీ 'గెస్ట్‌హౌస్ రిటర్న్డ్' అని చెప్పుకు తిరిగేవాడు. అక్కడికొచ్చే పట్నం కుర్రాళ్లు వేప్ అనే గొట్టం నోట్లో పెట్టుకుని లాగి, ముక్కుల్లోంచి మబ్బులు మబ్బులుగా ఆవిరి వదలడం కళ్లారా చూశాడట. చూసి ఊరుకునే రకమా? ఒకటి ఎత్తుకొచ్చి రాజుగారికి అప్పగించాడు.

ఇక ప్రతి పున్నమికీ పొద్దున్నే జరిగే మహాసభలో రాజుగారు బండ మీద కూర్చుని ఒక్క దమ్ము లాగి వదిలేవారు. ఆ తెల్లటి మబ్బు చూసి జింకలు, కుందేళ్లు, కణుజులు బిక్కచచ్చి సాష్టాంగపడేవి. గర్జన చిన్నచిన్న రాజులకేనని, కోపం మరీ ఎక్కువైనవాళ్లకి అది ఆవిరై బయటికొస్తుందని మంత్రులు ప్రచారం చేశారు. జనం నమ్మారు. సాష్టాంగపడ్డాక నమ్మకపోతే పరువు తక్కువ కదా.

ఆవిరి ఉంది గనక ఆవిరికొక శాఖ పెట్టారు. శాఖ ఉంది గనక ఒక ఇన్‌ఛార్జిని వేశారు. ఆ ఇన్‌ఛార్జి ఉడుము పట్టాభి.

పట్టాభిది టెంపరరీ ఉద్యోగం. టెంపరరీ వాళ్లకి వాగు ఒడ్డున పల్లపు పుట్టలు ఇస్తారు, పర్మనెంట్ వాళ్లకి గుట్ట మీద ఎత్తు పుట్టలు. నిరుడు వానలకి వాగు పొంగి పుట్టలోకి నీళ్లొచ్చాయి. ఆయన భార్య పుట్లమ్మ పెట్టిన గుడ్లన్నీ పోయాయి. నీళ్లు తీశాక ఆవిడ ఏడవలేదు, తడిమట్టిని గోళ్లతో కెలుకుతూ చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఈ ఏడు మళ్లీ ఆవిడకి నెలలు నిండాయి.

"ఏమండీ, వానల్లోపు మనం గుట్ట మీదికి వెళ్లకపోతే నేను గుడ్లు పెట్టనంతే," అంది పుట్లమ్మ.

పెట్టకుండా ఆపుకోవడం ఆవిడ చేతిలో లేదని ఇద్దరికీ తెలుసు. అందుకే పట్టాభి ఆఫీసులో ఎవరేమన్నా తలూపేవాడు. రానున్న పున్నమి సభ సజావుగా జరిగితే పర్మనెంట్ చేస్తామని పైవాళ్లు మాటిచ్చారు మరి.

సరిగ్గా అప్పుడే పాత వేప్ కారడం మొదలైంది. దాన్లో అసలు పని చేసేది అటామైజర్ అనే పై భాగం. రసం పోసే చిన్న గాజు బుడ్డి, లోపల చుట్లు చుట్టిన తీగ, ఆ తీగలో ఇమిడి రసం పీల్చుకునే దూది. తీగ వేడెక్కితే దూదిలోని రసం ఆవిరవుతుంది. పాతదానికి బుడ్డి పగిలి, రసం రాజుగారి జూలులోకి కారి, చీమలు పట్టాయి. రాజుగారు సభలో గోక్కుంటూ కూర్చోవాల్సొచ్చింది. దాంతో మేలైన ప్రీమియం అటామైజర్ ఎంపిక చేయడానికి కమిటీ వేశారు.

కమిటీకి అధ్యక్షులు ఏనుగు ఐరావతంగారు. సభ్యులు ఎలుగుబంటి మంత్రి భల్లయ్య, మర్యాదల అధికారిణి నెమలి మయూరాంబ. సాంకేతిక సలహాదారు ఎవరో చెప్పక్కర్లేదు. కొమ్మేశ్వరరావు గెస్ట్‌హౌస్ నించి తెచ్చిన మూడు అటామైజర్లని గుహలో రాజుగారి ఎదుటే మోదుగాకు మీద వరసగా పెట్టాడు.

మొదటిది సాదాసీదాగా ఉంది. ఐరావతంగారు తొండంతో అలా తిప్పారో లేదో మూత ఊడొచ్చింది. లోపల దూది, తీగ, అన్నీ కళ్లకి కనబడుతున్నాయి. శుభ్రం చేయడం ఎంత సుళువో అని పట్టాభికి ప్రాణం లేచొచ్చింది. నెమలి మాత్రం మెడ అటు తిప్పుకుంది.

"ఎవరు పడితే వాళ్లు విప్పగలిగేది ప్రీమియం ఎలా అవుతుందండీ?" అంది.

అధ్యక్షులు నిజమేనన్నారు. రెండోదానికి గాలి సర్దుకునే చక్రం ఉంది, ఎంత మబ్బు కావాలంటే అంత వస్తుంది. అది మరీ నల్లగా ఉందని పక్కన పెట్టేశారు. మూడోదానికి బంగారు రంగు పట్టీ ఉంది, ఎండ తగిలితే తళుక్కుమంటోంది. ఐరావతంగారు తొండమంతా బిగించి తిప్పినా మూత కదల్లేదు. ఇదీ వస్తువంటే, అని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. దాన్ని గట్టిగా నొక్కి ఎడమకి తిప్పితే వస్తుందని కోతి చేసి చూపించాడు. ఆ కిటుకు పట్టాభి ఒక్కడే శ్రద్ధగా చూశాడు. మిగతావాళ్లు పట్టీ చూస్తున్నారు.

రసం సంగతి భల్లయ్య తీసుకున్నాడు. మామూలు రసం రాజుగారి హోదాకి తగదని అందులో పుట్టతేనె కలపాలని పట్టుబట్టాడు. కలిపాక మిగిలిన తేనె ఏమైందని ఎవరూ అడగలేదు.

తర్వాత నిర్వహణ మీద కొమ్మేశ్వరరావు ఉపన్యాసం. రసం పోసిన వెంటనే లాగకూడదు, దూది నానేదాకా ఆగాలి. తీపి రసమైతే తీగకి మడ్డి త్వరగా పడుతుంది, గీకేయాలి. దూది నల్లబడితే తీసేసి కొత్తది పెట్టాలి. మాడిన దూదితో లాగారో, గొంతులో నిప్పులు పోసినట్టే. ఇదంతా గెస్ట్‌హౌస్ వరండాలో విన్నదే అయినా, తానే కనిపెట్టినట్టు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రాజుగారు కొత్తదాన్ని నోట పెట్టుకుని మొదటి దమ్ము లాగారు, ఆవిరి గుహ దాటి బయటికెళ్లింది. శుభం.

అంతా లేచి వెళ్లబోతుంటే పట్టాభి నసుగుతూ దూది ఎప్పుడెప్పుడు మార్చమంటారని అడిగాడు.

మయూరాంబ తుళ్లిపడింది. "మార్చడమా? రాజుగారి పెదవి తగిలాక అది రాజుగారి ఎంగిలి. దాన్ని ముట్టుకోవాలంటే రాజుగారితో సమానమైనవాళ్లయి ఉండాలి. అలాంటివాళ్లు ఈ అడవిలో ఎవరైనా ఉన్నారా, పట్టాభిగారూ?"

ఉన్నారనడానికి ఎవరికి గుండె చాలుతుంది? పోనీ రాజుగారే మార్చుకుంటే, అని కోతి గొణిగాడు. రాజుగారు ఆయన వైపు ఒక చూపు చూశారు. కోతి వెంటనే గుహ బయటి చెట్టెక్కాడు. చివరికి ఆవిరి శాఖ పై పట్టీ తుడవొచ్చని, పై కన్నంలోంచి దొన్నెతో రసం పోయొచ్చని, మూత మాత్రం విప్పరాదని తీర్మానమైంది. తుడవడానికి ఇద్దరు ఉడతల్ని వేశారు. మూత విప్పకుండా కాపలా కాయడానికి అడవిపంది వరాహాలుని పెట్టారు. ఇంత బందోబస్తు ఉన్న అటామైజర్ చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదని అందరూ గర్వపడ్డారు.

రోజులు గడిచాయి. పట్టీ తళతళలాడుతోంది, బుడ్డిలో రసం బెల్లంపాకం రంగుకొచ్చింది. రాజుగారు అలవాటుగా లాగినప్పుడల్లా కాస్త దగ్గుతున్నారు. లోపల ఏమవుతోందో పట్టాభికి తెలుసు. తెలిసీ చెప్పలేక నిద్ర పట్టేది కాదు ఆయనకి. ఆ పున్నమికి మబ్బు రాకపోతే తప్పు శాఖదే అంటారు, శాఖంటే తనే.

సంగతి విన్న పుట్లమ్మ బూరుగుచెట్టు కింద రాలిన దూది ఏరి, గింజలు తీసి, ఉండ చేసి మొగుడి చేతిలో పెట్టింది. నొక్కి ఎడమకి తిప్పడం ఎంతసేపు, వెళ్లి మార్చేసి రండి అంది. మధ్యాహ్నం రాజుగారు కునుకు తీస్తుంటే పట్టాభి గుహ దగ్గరికి వెళ్లాడు. వరాహాలు మంచివాడు. అందుకే అడ్డం పడకుండా చెప్పి చూశాడు.

"దూది మారిస్తే ఏటవుద్దో నాకు తెలవదు సార్. ముట్టుకుంటే మాత్రం మీ ఉద్యోగం పోద్ది. నాదీ పోద్ది."

నిజం చెప్పాలంటే వరాహాలు అలా అన్నందుకు పట్టాభికి హాయిగా అనిపించింది. తిన్నగా ఇంటికొచ్చేశాడు.

"అది చెడిపోతే?" అంది పుట్లమ్మ.

"చెడిపోతే బాధ్యులెవరో తేల్చడానికి కమిటీ వేస్తారు. ముట్టుకుంటే కమిటీ కూడా అక్కర్లేదే, నేనే దొరుకుతాను. పర్మనెంట్ కానీ, అప్పుడు మారుద్దాం."

తెచ్చిన దూది పారేయడమెందుకని పుట్లమ్మ దాన్ని పుట్టలో పరుచుకుని పడుకుంది.

పున్నమి వచ్చింది. అడవి అడవంతా బండ ముందు కూడింది. జనం ఎక్కువగా వచ్చారని సంబరపడి రాజుగారు ఎప్పటికంటే గట్టిగా, దీర్ఘంగా లాగారు. లోపల తేనె మడ్డి, నల్లబడిన దూది, ఎర్రగా కాలిన తీగ. మాడుపొగ ఒక్కసారిగా గొంతులో దిగింది. రాజుగారు కళ్లు తేలేశారు, జూలు నిక్కబొడుచుకుంది. ఆ మంటకి కడుపులోంచి తన్నుకుని ఒక అరుపు వచ్చింది. ఎన్నేళ్లుగానో అడవి వినని అరుపు. కొండకి తగిలి తిరిగొచ్చింది. కుందేళ్లు అక్కడికక్కడే సొమ్మసిల్లాయి. ఐరావతంగారు మోకాళ్ల మీద కూలబడ్డారు.

రాజుగారు తన గొంతు తానే విని విస్తుపోయారు. తేరుకుని, దీని నిర్వహణ చూస్తున్నదెవరని అడిగారు.

మెచ్చుకోవడానికి అడిగారో, చంపడానికో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మంత్రులు ఏం చేస్తారు? అదంతా పట్టాభిగారి శాఖేనని భల్లయ్య అన్నాడు. తాను సలహా మాత్రమే ఇచ్చానని కోతి అన్నాడు. మయూరాంబ పట్టాభిని తోకతో ముందుకి నెట్టింది.

ఎత్తు పుట్ట పోయింది, పల్లపు పుట్ట కూడా పోయినట్టే. ఎలాగూ పోయేదే అనుకున్నాడు గనక పట్టాభి మొదటిసారి నిజం చెప్పాడు.

"ప్రభూ, తప్పు నాదే. పెట్టిన దగ్గర్నుంచీ నేను ఆ దూది మార్చలేదు."

"మార్చలేదా?" అన్నారు రాజుగారు.

"లేదు ప్రభూ."

"అయితే ఇకమీదట కూడా మార్చకు. నాకు గొంతు తెచ్చినవాడివి నువ్వు."

అక్కడికక్కడే పట్టాభిని పర్మనెంట్ చేశారు. దూదిని ఎవరూ మార్చకుండా చూడడం ఆయన విధి అని ఉత్తర్వు వేశారు. మెప్పు తమకి రానందుకు కోతికీ, ఎలుగుబంటికీ కడుపు మండిపోయింది. పట్టాభి మాత్రం వాన చినుకు పడకముందే సంసారాన్ని గుట్ట మీదికి మార్చాడు. పుట్లమ్మ అక్కడ గుడ్లు పెట్టింది.

మళ్లీ పున్నమి దగ్గరపడింది. పట్టాభి గాజులోంచి తొంగి చూశాడు. దూది బూడిదైపోయింది, తీగ తెగింది, రసం చుక్క కూడా దిగడం లేదు. వెళ్లి ఐరావతంగారికి చెప్పాడు. రాజుగారి ఉత్తర్వు మీద మనం చర్చించలేమని చెప్పి ఐరావతంగారు కళ్లు మూసుకున్నారు. ఈసారి అడ్డుచెప్పే వరాహాలు కూడా లేడు, కాపలా పట్టాభిదే. మూత మీద చెయ్యి వేసి, గుట్ట మీది గుడ్లు గుర్తొచ్చి తీసేశాడు. ఉద్యోగం ఇచ్చిందే మార్చనందుకు.

సభలో రాజుగారు లాగారు. ఆవిరి రాలేదు. మంటా రాలేదు. ఇంకోసారి లాగి, గర్జిద్దామని నోరు తెరిచారు. కిర్రుమంది.

ఎవరూ తిరగబడలేదు, ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలి కుందేలు కాసేపు చూసి, "ఇంతేనా?" అని పక్కవాణ్ణి అడిగింది. తర్వాత ఒక్కొక్కరే లేచి మేతకి వెళ్లిపోయారు. ఎదురుగా ఎవరూ లేకపోవడంతో రాజుగారు కూడా బండ దిగి వెళ్లిపోయారు. ఖాళీగా ఉంది గనక, దగ్గర్లో ఉన్నాడు గనక, భల్లయ్య ఎక్కి కూర్చున్నాడు.

కొత్త రాజుగారికి వేప్ అలవాటు లేదు. గొంతు బాగానే ఉంది. అయినా పద్ధతి ప్రకారం శాఖలన్నిటినీ పిలిచి ఆరా తీశారు. పట్టాభి వంతు వచ్చింది.

"నీ పనేమిటి?"

"దూదిని మార్చకుండా చూడడం, ప్రభూ."

"మారలేదు కదా?"

"లేదు ప్రభూ."

"శభాష్. అలాగే కానివ్వు."

ఆ వారమే వాగు పొంగింది. కొత్తగా చేరిన టెంపరరీ వాళ్ల పుట్టలు మునిగాయి. గుట్ట మీద గుడ్లు చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. పుట్లమ్మ వాటిని నాలుకతో తడుముతూ కూర్చుంది, ఆఫీసు సంగతులు అడగలేదు. పట్టాభి ఉడతల చేత పట్టీ తుడిపించడానికి వేళవుతోందని బయల్దేరాడు.

నీతి: రాజును మార్చడానికి ఒక్క పూట చాలు, దూదిని మార్చడానికి మాత్రం రూల్సు ఒప్పుకోవు.