ఆకుపచ్చ చుక్క చల్లగా ఉండాలి

ఉద్యోగి పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఉద్యోగిని చూడక్కర్లేదు. ఆమె చేసిన పనిని చూడాల్సిన అవసరం అంతకన్నా లేదు. కంప్యూటర్ తెర మీద కుడివైపు కింది మూలన ఒక చుక్క ఉంటుంది. దాన్ని చూస్తే చాలు.

ఇంత సులువైన ఉపాయం తట్టక, మన పెద్దలు పని బాగుందా లేదా అని పనినే చూస్తూ ఎన్ని తరాలు కళ్లు పాడుచేసుకున్నారో! నేసిన గుడ్డను వెలుతురుకు పట్టి చూసేవాళ్లు. వండిన కూరను నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు. ఎంత శ్రమ, ఎంత కాలయాపన! చుక్క వచ్చాక ఆ బాధలన్నీ తీరాయి. నమ్మకం కుదరనివాళ్లు వేములవాడలో ఉండే అలేఖ్య సంగతి వినాలి.

అలేఖ్య భర్త సాయిచంద్ దుబాయిలో ఉంటాడు. ఇంట్లో ఆమె, అత్త బాలవ్వ, మామ పర్శరాములు. వెనక రేకుల షెడ్డులో మామగారి మరమగ్గాలు, ముందు గదిలో కోడలి లాప్‌టాప్. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన అలేఖ్య హైదరాబాద్‌లోని ఒక సంస్థకు ఇంటి నుంచే పని చేస్తుంది. మిక్సీలు, ఇన్వర్టర్లు, ఆక్సిజన్ మిషన్లు తయారుచేసే కంపెనీల తరఫున, వాటిని కొన్నవాళ్ల ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆ సంస్థ పని.

మౌస్ కదులుతున్నంతసేపు, కీబోర్డు మోగుతున్నంతసేపు అలేఖ్య తెర మీది చుక్క ఆకుపచ్చగా ఉంటుంది. చెయ్యి కాసేపు ఆగితే పసుపవుతుంది. అది పసుపైతే హైదరాబాద్‌లో సూపర్‌వైజర్ భానుప్రసాద్ తెర మీద ఆమె పేరు కూడా పసుపవుతుంది. పేరు మాటిమాటికీ పసుపైతే సంజాయిషీ అడుగుతూ మెమో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె దగ్గరికి ఒక రిటైర్డ్ టీచర్ రాసిన ఫిర్యాదు వచ్చింది. ఇన్వర్టర్ గురించి మొదలుపెట్టి, కరెంటు పుట్టుపూర్వోత్తరాల దాకా రాశారాయన. అసలు సమస్య మధ్యలో ఎక్కడో ఉంది. అలేఖ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా చదువుతోంది. పక్కన చాట్ పెట్టె వెలిగింది.

"అలేఖ్య గారూ, సీట్లో లేరా?" అని భానుప్రసాద్.

"ఉన్నాను సార్. ఫిర్యాదు పెద్దగా ఉంది, చదువుతున్నాను."

"చదవడం సిస్టమ్‌లో కనిపించదండి. చదువుతూ మౌస్ కదపండి."

ఆమె ప్రయత్నించింది. మౌస్ కదిపితే అక్షరాలు కిందికీ పైకీ పరుగెడుతున్నాయి. చదివితే మౌస్ ఆగిపోతోంది. ఈ రెండింటిలో జీతం దేనికి వస్తోందో నిదానంగా ఆలోచించి, అలేఖ్య చదవడం మానేసింది.

అప్పటి నుంచి ఆమె ఎడమచెయ్యి మౌస్‌కు అంకితమైపోయింది. కుడిచేత్తో అన్నం తినేది, ఎడమచేత్తో మౌస్ తిప్పేది. ఒకరోజు బాలవ్వ చారు వడ్డించడానికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏందే గది? అన్నం తినుకుంట గా డబ్బను రుద్దుతున్నవ్?"

"ఆపితే చుక్క పసుపైతది అత్తమ్మా."

"అయితే ఏమైతది? పసుపు మంచిదే కదనే."

"మెమో వస్తది."

మెమో అంటే ఏమిటో బాలవ్వకు తెలియదు. కానీ కోడలి మెడ ఒక పక్కకు వంగిపోయి ఉండడం ఆమెకు కనిపించింది. "చెయ్యి గుంజుకపోతది బిడ్డా. మగ్గం నడిపినోనికి గూడ గింత పరేషాన్ లేదు" అని ఉప్పు సీసా పెట్టి వెళ్లింది.

చెయ్యి నిజంగానే గుంజుకుపోయింది. మణికట్టు వాచి, జడ వేసుకోవడం కూడా కష్టమైంది. అప్పుడు అలేఖ్యకు తన చదువు గుర్తుకొచ్చింది.

తెర మీద కనిపించేదంతా చిన్నచిన్న చుక్కలతో కూడినదే. వాటిని పిక్సెళ్లంటారు. ఫలానా చోట ఉన్న పిక్సెల్ ఏ రంగులో ఉందో చూస్తూ ఉండు, రంగు మారితే ఫలానా పని చెయ్యి అని కంప్యూటర్‌కే ఆజ్ఞలు రాసివ్వవచ్చు. ఆ రాతను స్క్రిప్ట్ అంటారు. అలేఖ్య ఒక ఆదివారం కూర్చుని, కుడివైపు కింది మూలకు కాపలాగా ఒక స్క్రిప్ట్ రాసింది. చుక్క పసుపైన మరుక్షణం అది మౌస్‌ను దానంతటదే కొంచెం కదుపుతుంది. చుక్క మళ్లీ ఆకుపచ్చ!

సంస్థ ఒక చుక్కను పెట్టి అలేఖ్యను చూస్తోంది. అలేఖ్య ఒక స్క్రిప్ట్ పెట్టి చుక్కను చూస్తోంది. మధ్యలో మనిషి చేతికి విశ్రాంతి దొరికింది. పరిపాలన అంటే ఇలా కదా ఉండాలి?

అయితే భానుప్రసాద్ చాట్‌లో పలకరిస్తూ ఉండేవాడు. దానికీ ఉపాయం దొరికింది. అలేఖ్య తెరను నాలుగు భాగాలు చేసింది. పై ఎడమవైపు ఫిర్యాదులు, పై కుడివైపు సూపర్‌వైజర్ చాట్, కింద ఒకవైపు మీటింగు, ఇంకోవైపు చుక్క. స్క్రిప్ట్ నాలుగు భాగాలనూ కనిపెట్టి ఉంటుంది. చాట్ పెట్టె నీలంగా వెలిగితే "చేస్తున్నాను సార్" అని రాస్తుంది. కొత్త ఫిర్యాదు వచ్చి ఎర్రగీత కనబడితే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సమస్య మాకు ముఖ్యం" అని జవాబు పంపుతుంది. మీటింగులో ఆమె పేరు చుట్టూ వెలుగు వస్తే, ముందే రికార్డు చేసి పెట్టిన ఆమె గొంతు పలుకుతుంది: "నాదీ అదే అభిప్రాయం సార్."

ఈ ఒక్క మాటతో అలేఖ్యకు సంస్థలో ఎంతో మంచి పేరొచ్చింది. అందరితో కలిసిపోయే స్వభావం ఉన్న ఉద్యోగి అని మెచ్చుకున్నారు. ఒకసారి మీటింగులో రెండు వర్గాలు తగవుపడితే ఆమె ఇద్దరితోనూ ఏకీభవించింది. ఆ పరిణతి కొత్తవాళ్లకు రావాలని భానుప్రసాద్ అన్నాడట. అన్నప్పుడు ఆమె చొప్పదండిలో బంధువుల పెళ్లిలో పెళ్లికూతురికి గాజులు తొడుగుతోంది.

ఇలా ఎండాకాలం, వానాకాలం గడిచి చలికాలం కూడా గడిచింది. ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు. ఫిర్యాదులు వస్తున్నాయి, జవాబులు పోతున్నాయి. అవే ఫిర్యాదులు మళ్లీ వస్తున్నాయి, అవే జవాబులు మళ్లీ పోతున్నాయి. పని ఇంత జోరుగా సాగడం సంస్థ చరిత్రలోనే లేదు.

అంతలో మహిళా దినోత్సవం వచ్చింది. మహిళల పట్ల తమ గౌరవాన్ని చాటుకోవాలని సంస్థ గట్టిగా అనుకుంది. సెలవు ఇస్తే పని ఆగుతుంది. అందుకని చుక్క రంగు మార్చింది. ఆ రోజుకు మహిళా ఉద్యోగుల ఆకుపచ్చ చుక్కలన్నీ గులాబీరంగులో వెలిగాయి.

స్క్రిప్ట్‌కు గులాబీరంగు తెలియదు. ఆకుపచ్చ కనిపించకపోతే, కనిపించేదాకా ఏదో ఒకటి చెయ్యమని అలేఖ్య దానికి రాసిపెట్టింది. అది మౌస్ కదిపింది, ఆకుపచ్చ రాలేదు. జవాబులు పంపింది, రాలేదు. చివరికి ఒక్కో ఫిర్యాదునూ తెరిచి, "సమస్య పరిష్కారమైంది" అనే బటన్ నొక్కడం మొదలుపెట్టింది. అలేఖ్య అంగడి నుంచి కూరగాయల సంచితో వచ్చేసరికి ఒక్క ఫిర్యాదు కూడా మిగల్లేదు. భానుప్రసాద్ సందేశం మాత్రం ఉంది.

"అద్భుతం అలేఖ్య గారూ. పెండింగ్ సున్నా. మహిళా దినోత్సవం నాడు సంస్థకు ఇంతకన్నా కానుక ఏముంటుంది?" దానికి ఒక ప్రశంసాపత్రం జతచేశాడు.

అలేఖ్య ఆ పత్రాన్ని తెరవలేదు. సంచి కింద పెట్టి, మూసేసిన ఫిర్యాదులను ఒక్కొక్కటే తెరిచింది. తెరిచాక తప్పనిసరై చదివింది. చాలాకాలం తర్వాత చదవడం అదే.

జైనూర్ దగ్గరి ఊరి నుంచి గంగయ్య అనే ఆయన ఆక్సిజన్ మిషన్ గురించి రాశాడు. "మా అవ్వకు దమ్ము, ఊపిరి ఆడది. మీ మిషిని ఎర్ర లైటు పడి ఒకటే ఒర్రుతున్నది. గాలి సరిగ వస్తలేదు." దాని కింద స్క్రిప్ట్ చింతించింది. మళ్లీ రాశాడు. మళ్లీ చింతించింది. "మా సమస్య ముఖ్యమని అంటున్నరు. మంచిదే. మిషిని సంగతి చెప్పున్రి" అని ఇంకోసారి. చివరిది చాలా చిన్నగా ఉంది. "అవ్వ పండుకుంటలేదు. రాత్రి పగలు కూసునే ఉంటున్నది."

దాని కిందనే, సమస్య పరిష్కారమైంది.

అలేఖ్య కాసేపు ఆ వాక్యం వైపే చూసింది. తరువాత స్క్రిప్ట్‌ను ఆపేసి, తన సొంత ఫోన్ నుంచి గంగయ్యకు కాల్ చేసింది.

"గంగయ్యన్నా, మీ ఆక్సిజన్ మిషిన్ గురించి మాట్లాడుతున్న. కంపెనీ తరఫున."

"మళ్లా గదే అసౌకర్యం ముచ్చటనా మేడం?"

"కాదన్నా. మిషిన్ ఎట్లున్నదో చెప్పున్రి. అవ్వ ఎట్లున్నది?"

"మిషినే మాట్లాడుతున్నదనుకున్న. మనిషివేనా అక్కా?"

"మనిషినే."

"అవ్వను పొద్దుగాలనే దవాఖానకు తోల్కపోయిన. ఆడ సిలిండర్ పెట్టిన్రు. ఇప్పుడు ఆడనే ఉన్నది, మా ఇంటామె పక్కన కూసున్నది. రోజూ ఆటోల తిప్పాలంటే పానం పోతున్నది ఆమెకు. నేను ఇంటికొచ్చి గీ మిషిని ముంగట కూసున్న."

ఆ మిషన్ వాడకం గురించిన సూచనల పుస్తకం సంస్థ కంప్యూటర్‌లో ఎప్పటి నుంచో ఉంది. తెరిచి చదివితే చుక్క పసుపవుతుంది కనుక దాన్ని ఎవరూ తెరవలేదు. అలేఖ్య తెరిచింది.

"మిషిన్ యాడ పెట్టిన్రన్నా?"

"ఇంట్లనే. పత్తి కుప్ప పక్కన."

"పత్తి ఇంట్లున్నదా?"

"ఇంట్ల కాకుంటే యాడ పెడత? రేటు వస్తదేమోనని ఆపిన. మా మంచాలు సుత పత్తి మీదనే ఉన్నయి."

"మిషిన్ కరెంటు తీసేసి వెనక్కి తిప్పున్రి. జల్లెడ లెక్క చిన్న జాలి మూత ఉంటది. గుంజితే వస్తది."

మూత ఊడిన చప్పుడు వినిపించింది. తరువాత గంగయ్య నవ్వో ఏడుపో తెలియని శబ్దం చేశాడు. "లోపట నల్ల స్పంజి ఉన్నదక్కా. స్పంజి ఏడ కనపడుతున్నది, అంత పత్తి పీచే. కుందేలు పిల్ల పండుకున్నట్టున్నది."

గాలి లోపలికి వెళ్లే దారి అదేనని, అది మూసుకుపోతే మిషన్ మొత్తుకుంటుందని అలేఖ్య చెప్పింది. స్పంజిని సబ్బునీళ్లతో కడిగి, బట్టలో ఒత్తి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టమంది. తడిదే పెట్టవద్దని రెండుసార్లు చెప్పింది. మిషన్‌ను పత్తికి దూరంగా, తలుపు దగ్గరికి జరపమంది. అప్పటికీ ఎర్ర లైటు పోకపోతే మెకానిక్‌ను పంపేదాకా అవ్వను దవాఖానలోనే ఉంచమంది.

గంగయ్య ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఆమె ఖాళీగా కూర్చోలేకపోయింది. మూసేసిన మిగతా ఫిర్యాదులవాళ్లకు కాల్ చేయడం మొదలుపెట్టింది. ఇన్వర్టర్ టీచర్‌తో కూడా మాట్లాడింది. ఆయన సమస్య ఒక ఊడిపోయిన వైరు. దాన్ని ఆయనే ఎప్పుడో బిగించుకున్నాడు, అయినా ఎవరో ఒకరు అడిగారని సంతోషపడ్డాడు. పొయ్యి మీద పప్పు మాడింది. బాలవ్వ వచ్చి గిన్నె దించి, ఏమీ అడక్కుండా పోయింది.

సాయంత్రం గంగయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "ఆన్ చేసిన అక్కా. ఎర్ర లైటు పోయింది, ఒర్రుడు బందైంది. అవ్వను తెచ్చిన. ముక్కుకు పైపు పెట్టుకున్నది."

వెనక నుంచి ఒక ముసలి గొంతు వినబడింది. "ఎవలురా?"

"కంపెనీ అక్క, అవ్వా. మాట్లాడుతవా?"

"ఇప్పుడు కాదు. పండుకుంట. లేసినంక మాట్లాడుత అని చెప్పు."

అలేఖ్య ఫోన్ పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, తెర వైపు చూసింది. మధ్యాహ్నం నుంచీ ఆమె చెయ్యి మౌస్ మీద పెద్దగా పడలేదు. చుక్క నిండు పసుపులో ఉంది. దాని పక్కనే మెమో వచ్చి కూర్చుంది. "మధ్యాహ్నం నుంచి మీరు పని చేసినట్టు సిస్టమ్‌లో నమోదు కాలేదు. కారణం తెలియజేయగలరు."

సంస్థను తప్పుపట్టడానికి లేదు. ఉదయం ఇచ్చిన ప్రశంసాపత్రమూ తెరను చూసే ఇచ్చింది, సాయంత్రం ఇచ్చిన మెమో కూడా తెరను చూసే ఇచ్చింది. స్క్రిప్ట్‌కైనా మనిషికైనా న్యాయం ఒకటే కదా?

కాసేపటికి భానుప్రసాద్ స్వయంగా ఫోన్ చేశాడు. అలేఖ్య జరిగింది చెప్పింది. స్క్రిప్ట్ సంగతి తప్ప అంతా చెప్పింది.

"మంచి పనేనండి. కాని ఫోన్‌లో మాట్లాడడం సిస్టమ్‌లో కనిపించదు. పైగా ఆ ఫిర్యాదులు పరిష్కారమైనట్టు ముందే నమోదై ఉన్నాయి. పరిష్కారమైనవాటిని మళ్లీ పరిష్కరించడానికి మన దగ్గర రూల్ లేదు."

"మరి ఆ అవ్వకు ఊపిరి ఆడకపాయె కద సార్."

భానుప్రసాద్ గొంతు తగ్గింది, ఆఫీసు భాష జారిపోయింది. "చూడున్రి, నాకు సుత ఒక చుక్క ఉన్నది. దాన్ని చూసెటోళ్లు పైన ఉన్నరు. మీరు ఏం చేసినా చేయున్రి. జర మౌస్ మాత్రం కదులుతుండాలె. ఎట్ల కదులుతదో నేను అడగ."

మరునాడు అలేఖ్య స్క్రిప్ట్‌ను తిరిగి మొదలుపెట్టింది. గులాబీరంగును కూడా నేర్పింది, రేపు ఏ పండుగ వస్తుందో తెలియదు కదా. "పరిష్కారమైంది" బటన్ జోలికి వెళ్లకుండా దాని దారి మూసేసింది. చింతించే జవాబును తీసేసింది. ఇప్పుడది చుక్కను కాపాడుతుంది, సార్‌కు "చేస్తున్నాను" అంటుంది, మీటింగులో ఏకీభవిస్తుంది. ఉద్యోగం మొత్తం అదే చేస్తుంది.

ఫోన్ పట్టుకుని అలేఖ్య వెనక వసారాలోకి వెళ్లి, పొద్దుగూకేదాకా ఫిర్యాదులు చేసినవాళ్లతో మాట్లాడుతుంది. మగ్గాల చప్పుడులో వినపడక ఒక్కోసారి గట్టిగా అరవాల్సి వస్తుంది. ఒకరోజు బాలవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"లోపట కంప్యూటర్ దానంతటదే ఆడుతున్నది. నువ్వేమో ఈడ ఉన్నవ్. ఏం చేస్తున్నవే?"

"పని చేస్తున్న అత్తమ్మా."

"మీ కంపెనీకి ఎరుకేనా?"

"తెల్వది."

బాలవ్వ గడప వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "పైలం బిడ్డా. పని చేసుకుంట దొరికితే నౌకరి పోతది."