మోకాలు వద్దు, ఫిల్ము చాలు

వైద్యం బాగుపడాలంటే ముందు రోగిని డాక్టరు కంటికి దూరంగా ఉంచాలి. నవ్వకండి! సీరియస్‌గానే అంటున్నాను.

పూర్వం డాక్టర్లు ఏం చేసేవారు? నాలుక చాపమనేవారు, పొట్ట నొక్కేవారు, ఎక్కడ నొప్పి అని గుచ్చి గుచ్చి అడిగేవారు. పరాయి మనిషి పొట్ట నొక్కడమేమిటండీ, మర్యాదా మన్ననా లేకుండా! స్కానింగు వచ్చాక ఆ బాధ తప్పింది.

కొన్ని నెలలుగా నా ఎడమ మోకాలు వాచి ఉంది. చిప్ప పక్కన నిమ్మకాయంత గడ్డ. మెట్లెక్కితే ప్రాణం పోతోంది. ఎముకల డాక్టరుగారి ముందు కూర్చుని ప్యాంటు పైకి మడవబోయాను. ఆయన కంప్యూటర్లోంచి తల తిప్పకుండానే, "అవన్నీ ఎందుకండీ? ఎమ్మారై తీయించుకు రండి" అన్నారు. ఎంత సంస్కారం!

స్కానింగు సెంటర్లో టెక్నీషియన్ నా కుడికాలు పట్టుకున్నాడు.

"బాబూ, నొప్పి ఎడమ కాలికి."

"ఈ నెలంతా కుడికాళ్లే సార్. మెషీన్ అలా సెట్ చేసేశాం. ఎడమ కాళ్లు వచ్చే నెల."

"మరి నా గడ్డ..."

"రెండు కాళ్లూ మీవే కదా సార్!"

కాదని ఎలా అంటాను? కుడికాలు చాపి పడుకున్నాను.

ఫిల్ము చూసి డాక్టరుగారు మురిసిపోయారు. "బ్రహ్మాండమైన మోకాలండీ! మీకు నొప్పి లేదు."

లేదన్న సంగతి నాకే తెలియలేదు చూశారా! సైన్సు లేకపోతే ఏమైపోయేవాణ్ణి? అయినా కుంటుతున్నానని, లోపం తలలో ఉందేమోనని బ్రెయిన్ స్కాన్ కూడా రాశారు. అందులో "చెప్పుకోదగ్గదేమీ లేదు" అని వచ్చింది. మా ఆవిడ ఆ రిపోర్టుని వాళ్ల అన్నయ్యకీ, వదినకీ, పిన్నికీ ఫోన్లో చదివి వినిపించింది.

మా అత్తగారైతే మోకాలి ఫిల్ముని కిటికీకి అంటించి వచ్చినవాళ్లందరికీ చూపించారు. "ఎంత లక్షణంగా ఉంది బాబూ! మీ మామగారి చిప్ప ఇంత అందంగా ఉండేది కాదు" అని కళ్లొత్తుకున్నారు.

ఇంత వైభవం మధ్యలో మా ఆవిడ ఒకరోజు ఎడమ మోకాలికి మందు రాస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, ఇది మొన్నటికంటే పెరిగిందండీ."

గడ్డని వేళ్లతో కొలిచి చూపించింది. కీళ్లలో అరుదుగా ట్యూమర్లు వస్తాయనీ, బెణుకనుకుని వదిలేస్తే కీలునే తినేస్తాయనీ ఎక్కడో చదివాను. నాకు నిజంగానే భయం వేసింది.

మర్నాడు డాక్టరుగారి ముందు, ఆయన వద్దంటున్నా వినకుండా ప్యాంటు మడిచేశాను.

"ఎన్ని స్కాన్లు రాసినా తీయించుకుంటానండీ. కానీ ముందు ఒక్కసారి ఇక్కడ చెయ్యేసి చూడండి."

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశారు. కుర్చీలోంచి లేచారు. చెయ్యి చాచారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ చెయ్యి గడ్డ దాకా వచ్చి, గాల్లోనే ఆగిపోయింది. ఆయన వెళ్లి తలుపు దగ్గరగా వేసి, బయట నర్సుకి వినపడకుండా గొంతు తగ్గించి అడిగారు.

"నొక్కి చూసి చాలా ఏళ్లయిందండీ. ఎలా నొక్కాలో కాస్త మీరు చూపిస్తారా?"