మేడ మీద శ్యామల

శివరాత్రి వెళ్ళినా చలి పూర్తిగా పోలేదు. కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీల పొగా మంచూ కలిసిపోయి, తెల్లవారిన చాలాసేపటికి గాని వీధి కనబడదు. అలాంటి ఒక ఉదయం కెజియా కాఫీ గ్లాసు భర్త ముందు పెట్టి, ఈ ఏడు మేడ మీద తోట వేస్తున్నామని చెప్పింది. వంగ, బెండ, మిరప, అంచుల వెంబడి బంతి. ఎండలు ముదిరేలోపు మొక్కలు నిలదొక్కుకోవాలి. ఆమె ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. ఏదైనా ఒకసారి అనుకుంటే పిల్లలకే కాదు, భర్తకీ హోంవర్కు ఇచ్చేస్తుంది.

"కుండీలు కొనాలి కదా," అన్నాడు ప్రదీప్ కుమార్.

"కొనడమెందుకు బావా? మీ పోర్టు కాడ పాత పెట్టెలు పడున్నాయన్నావు."

ప్రదీప్ మూలపేట పోర్టు పనుల్లో స్టోర్ కీపరు. యంత్రాల విడిభాగాలు వచ్చిన చెక్కపెట్టెలు అక్కడ గుట్టలుగా ఉంటాయి. అడిగితే మూడు ఇచ్చారు. ఒక్కొక్కటీ మనిషి పొడుగు. వాటి మీద టార్పాలిన్ కప్పి వ్యానులో తెచ్చేసరికి ఇంకా మంచు విడలేదు. ఇద్దరు కూలీలు బయటి మెట్ల మీదుగా మేడ మీదికి చేర్చారు.

వాళ్ళది మేడ మీది అద్దె గది. కింది భాగంలో ఉండే ఇంటి యజమానురాలు నూకాలమ్మ కిటికీ దగ్గర కూర్చుని వేపపుల్ల నములుతోంది. పొగమంచులో మనుషులు కనిపించలేదు, మాటలే వినిపించాయి.

"తలవైపు నువ్వెత్తు. కాళ్ళవైపు నాను పట్టుకుంటాను."

"తల గోడకి తగిలిపోద్ది, సూసుకో."

"ఎవులూ లేవకముందే దింపీమన్నారు. బేగి నడు."

నూకాలమ్మ నమలడం ఆపేసింది.

మేడ మీద పని చకచకా సాగింది. పెట్టెల అడుగున ప్రదీప్ చేపల తలకాయలు పరిచాడు. ఉద్దానం కొబ్బరితోటల్లో మొక్కకి అలాగే బలం పెడతారని ఎవరో చెప్పారు. పైన ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి దిబ్బలా పోశారు. మొక్కలు ఎదిగాక కట్టుకోవడానికి ప్రతి పెట్టె తలాపునా రెండు వెదురుకర్రలు అడ్డంగా, నిలువుగా కట్టి పాతింది కెజియా. పిచ్చుకలు విత్తనాలు ఏరుకుపోకుండా తెల్లటి పాతచీర కప్పింది. ఏ పెట్టెలో ఏముందో మరిచిపోకుండా, విత్తనాల పొట్లం మీదున్న రకం పేరూ విత్తిన తేదీ చెక్కముక్కల మీద రాసి కర్రలకు వేలాడదీసింది. వంగ రకం శ్యామల. మిరప రకం భాస్కర్. బెండ రకం అనామిక.

మర్నాడు మధ్యాహ్నం కెజియా బడిలో ఉండగా, నూకాలమ్మ ఎండుచేపలు ఆరబెట్టడానికి మేడ ఎక్కింది. తెల్లగుడ్డ కప్పిన మూడు మట్టిదిబ్బలు, మూడు సిలువలు, మూడు పేర్లు. ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. మొదటిది చదివింది. చేపలబుట్ట చేతిలోంచి జారి దొర్లింది. మిగతా రెండూ కూడా చదివి, దొర్లిన చేపలు ఏరుకోకుండానే కిందికి వచ్చేసింది.

ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అడగకపోతే నిద్ర పట్టడం లేదు.

ఆ తర్వాతి పొద్దున్న పెట్టెల్లో నీళ్ళు పోయడానికి వెళ్ళిన కెజియాకి శ్యామల పెట్టె ముందు అరిటాకు కనిపించింది. అంచున నాలుగు మెతుకులు, పసుపు పూసిన నిమ్మకాయ, ఒక చేపముల్లు. అటుపై రోజూ అంతే. ఒకరోజు సిలువకి చేమంతిదండ కూడా ఉంది. ఎవరో చేతబడి చేసి తన తోటకి చిల్లంగి పెడుతున్నారని ఆమెకి అనుమానం వచ్చింది. సైన్సు టీచరు కాబట్టి నమ్మలేదు. కాని ఆ ఆకుని చేత్తో తీయకుండా పుల్లతో పక్కకి నెట్టింది.

ఇక ఉండబట్టలేక కింద వాకిలి ఊడుస్తున్న నూకాలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ, మేడ మీదికి ఎవులైనా వొత్తన్నారేటి?"

నూకాలమ్మ చీపురు ఆపింది. "నీక్కూడా కనబడినాదేటి?"

"కనబడలేదు. తిండి మాత్రం పెట్టుంటంది."

"తిన్నాదా మరి?"

"ఎవులు?"

"ఆకు ఖాళీగా ఉందేటని అడుగుతున్నాను."

"ఖాళీగానే ఉంది."

తిన్నవి కాకులు. ఆ మాట ఇద్దరికీ తట్టలేదు. నూకాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఎన్నాళ్ళ ఆకలో," అని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

కెజియా మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. "ఈ ఇంట్లో ఏదో ఉంది బావా," అంది. "పిన్నికి తెలుసు. సెప్పట్లేదు."

ప్రదీప్ వాళ్ళ సంఘపు పాస్టరు దావీదయ్యగారిని పిలిచాడు. ఆయన నలుగురు ఆడవాళ్ళతో వచ్చి, పెట్టెల చుట్టూ నిలబడి పాట పాడించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఆయన గొంతు పెద్దది. "ఈ మట్టిలో పెట్టినవాటిని బేగి లేపు తండ్రీ. ఒక్కటీ లోపల ఉండిపోకుండా అన్నిట్నీ పైకి లేపు." తోటకి చిల్లంగి పెట్టారని చెప్పి పిలిచారు కాబట్టి ఆయన విత్తనాలు మొలవాలనే అడిగారు.

పక్కింటి చిన్నమ్మి బట్టలు ఆరేస్తూ ఆ ప్రార్థన అంతా విన్నది. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. సాయంత్రానికి వీధి అంతటికీ తెలిసింది. పాలవాడు ప్యాకెట్లు గేటు మీంచి విసరడం మొదలుపెట్టాడు. కెజియా ఎదురుపడితే జనం తప్పుకుని నడిచారు.

వారం తిరక్కుండానే శ్యామల పెట్టెలో మట్టి బీటలు వారింది. పొగమంచులో, గాలికి ఉబ్బి, మళ్ళీ అణుగుతున్న తెల్లగుడ్డ లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది. నూకాలమ్మ దాని పక్కనే కూలబడింది. భయం ఏమైపోయిందో ఆమెకే తెలియలేదు. గుడ్డ మీద చెయ్యి వేసి, "వొచ్చీసినావా అప్పా," అంది.

గోడ అవతల నుంచి అది చూసిన చిన్నమ్మి పరుగెత్తింది.

కాసేపటికి వీధి పెద్ద జగన్నాథరావు పార పట్టిన ఇద్దరు మనుషులతో మేడ ఎక్కాడు. వెనక మెట్ల నిండా జనం. కెజియా, ప్రదీప్ గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డారు. చిల్లంగి తీయడానికి వచ్చారేమోనని కెజియాకి కొంచెం ధైర్యం కూడా కలిగింది.

"నూకాలమ్మా, ముందు ఈల సేత ఇల్లు ఖాళీ సేయించు," అన్నాడు జగన్నాథరావు. "ఇళ్ళ మధ్యన ఇయ్యేటి పనులు?"

"సేయించను," అంది నూకాలమ్మ, చెయ్యి తీయకుండానే. "ఈలెల్లిపోతే పెట్టె అట్టుకుపోతారు. మళ్ళీ దాన్ని ఎక్కడికి పంపమంటావు?"

జగన్నాథరావు ఆ పెట్టె వదిలేసి చివరిదాన్ని చూపించాడు. పార దిగింది. మట్టితో పాటు తెల్లటి ఎముకలు, దవడలు, పళ్ళు పైకి వచ్చాయి. కంపు గుప్పుమంది. మెట్ల మీది జనం ఒక్కసారిగా కిందికి జారారు. పార పట్టినవాడు పార వదిలేశాడు.

"అయ్యి సేప తలకాయలండి," అన్నాడు ప్రదీప్. "ఎరువుకేసినాను."

జగన్నాథరావు ముక్కు మూసుకునే వంగి చూశాడు. చేపలే. "అయితే ఈ అనామికెవరు?"

"బెండకాయండి," అంది కెజియా.

"భాస్కరో?"

"మిరపకాయ."

మెట్ల మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు కింది మెట్టు దాకా పాకింది. జగన్నాథరావు కూడా పంచె దులుపుకుని నవ్వేశాడు. నవ్వులు అణిగాక నూకాలమ్మ నెమ్మదిగా అడిగింది.

"శ్యామలేటి మరి?"

"వంకాయ, పిన్నీ."

ఆమె నవ్వలేదు. చెక్కముక్క మీది మట్టి కొంగుతో తుడిచింది.

"మా అప్ప పేరది, నా తోడబుట్టిన పెద్దది," అంది. "ఎండుసేపలు అమ్మడానికి ఉప్పుటేరు దాటతంటే నావ తిరగబడిపోనాది. అందరూ దొరికినారు. అది దొరకనేదు. పాతడానికి నేదు, ఒక పువ్వెట్టడానికి సోటు నేదు. ఇక్కడ పేరు సూసి, సముద్రం ఎలాగో పంపీసినాదనుకున్నాను."

జనం ఒక్కొక్కరే దిగిపోయారు. చిన్నమ్మి మాత్రం పడి ఉన్న పార తీసి, తవ్విన మట్టి మళ్ళీ పెట్టెలోకి ఎగదోసి వెళ్ళింది.

కెజియా నూకాలమ్మ పక్కన కూర్చుంది. "ఈ కర్రలూ పేర్లూ ఇప్పుడే తీసెత్తాను పిన్నీ," అంది.

"మిగతాయి తీసీ," అంది నూకాలమ్మ. "దీని జోలికి రాకు."

శ్యామల పెట్టె అలాగే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే నూకాలమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి పోస్తుంది. వీధిలో జరిగినవన్నీ మొక్కకి చెప్పి, ఎండ ఎక్కాక దిగి వస్తుంది. ఎండలు ముదిరేసరికి మొక్క నడుమెత్తు పెరిగి, నల్లగా నిగనిగలాడుతూ కాయలు వేలాడాయి. చూసి చూసి కెజియా ఒకరోజు కత్తిపీట పక్కన పెట్టి, గిన్నె పట్టుకుని మేడ ఎక్కింది.

నూకాలమ్మ గిన్నె వైపు చూసింది. "కూరొండేత్తావేటమ్మీ దాన్ని?"

కాయలన్నీ చెట్టునే పసుపెక్కి ముదిరిపోయాయి. కెజియా వంకాయలు బజారులో కొంటోంది.