జోగన్న నూరో ఓటమి

ఒక పెద్ద అడవిలో వారం వారం కుస్తీ జరిగేది. ఇప్పటివాళ్ళకి కుస్తీ అంటే ఏం తెలుస్తుంది లెండి. ఆ రోజుల్లో కోతులు పొద్దున్నే వచ్చి, చోటు కోసం కొమ్మల మీద తువ్వాళ్ళు వేసి పోయేవి.

గోదా యజమాని చిదంబరం అనే నక్క. వీరుడి వేషం సుందరం అనే దుప్పిది. దుర్మార్గుడి వేషం జోగన్న అనే ఎలుగుబంటిది. గోదాలో జోగన్న పేరు రక్తాక్షుడు. కళ్ళు ఎర్రగా కనబడాలని రెప్పలకి మోదుగుపూల రసం పూసుకునేవాడు.

ప్రతివారం ఒకటే తంతు. జోగన్న గుప్పెడు మన్ను తీసి సుందరం కళ్ళల్లో కొడతాడు, తోక కొరుకుతాడు. జనం శాపనార్థాలు పెడతారు. చివర్లో సుందరం అతని పంజాని రెండుసార్లు నొక్కుతాడు. అది గుర్తు. వెంటనే జోగన్న తనంతట తానే గాల్లోకి ఎగిరి, పల్టీ కొట్టి, వెల్లకిలా పడి "చచ్చానర్రోయ్!" అనాలి. దుప్పి సన్నకాళ్ళు తన కింద నలగకుండా పడాలి. అసలు విద్య అదే. కొట్టడం ఎవడైనా కొడతాడు. తగలకుండా కొట్టడం నేర్చుకోవడానికి జోగన్నకి పన్నెండేళ్ళు పట్టింది.

ఈ వేషం గోదాతో ఆగలేదు. వాగులో పై రేవు మంచివాళ్ళది. జోగన్న దిగువ రేవులో, దున్నలు పొర్లిన నీళ్ళే తాగాలని చిదంబరం నియమం.

"నేను నిజంగా ఎవరికీ గోరైనా తగిలించలేదు కదండీ?" అన్నాడు జోగన్న ఒకసారి.

"పిచ్చివాడా! కుందేళ్ళ పక్కన నువ్వు బుద్ధిగా నీళ్ళు తాగుతూ కనబడితే, సాయంత్రం నిన్నెవరు తిడతారయ్యా? నూరు ఓటములు పూర్తి కానీ. ఇదంతా ఆటేననీ, నువ్వు సాధువువనీ గోదాలో నిలబడి నేనే చెబుతాను. మర్నాటి నుంచి పై రేవు నీది."

జోగన్న మద్దిచెట్టు బెరడు మీద ఓటమికో గీత గీసుకుంటూ వచ్చాడు. తొంభైతొమ్మిదయ్యాయి.

మా కాలేజీలో తర్కం చెప్పిన మేష్టారు ఒకాయన, నాటకం చూసి ప్రేక్షకుడి కంటే ముందు మోసపోయేవాడు హీరోయేనయ్యా అనేవారు. ఆయన పాఠం గుర్తులేదు గానీ ఈ మాట గుర్తుంది. సుందరానికి సరిగ్గా అదే జరిగింది. ఎలుగుబంటి తన బలానికే పడుతోందని నమ్మేశాడు.

"ఈమధ్య కాస్త మెల్లిగానే విసురుతున్నాను జోగన్నా, పెద్దవాడివి కదా."

"నీ దయ బాబూ," అన్నాడు జోగన్న నడుము పట్టుకుని.

నూరో కుస్తీ నాడు, ఆట మొదలవబోతుండగా, పరాయి అడవి నుంచి ఒక చిరుతపులి వచ్చింది. దారిలో రెండు కుందేళ్ళని తిని, గోదా మధ్యలో నిలబడి "మూడోది ఎవరు?" అంది.

"సుందరం! సుందరం!" అని అరిచారు జనం.

"రక్తాక్షుణ్ణే తొంభైతొమ్మిదిసార్లు ఎత్తి పడేశాడు. ఈ పిల్లి ఎంత!" అంది ఓ ముసలికోతి.

నిజం చెబితే గోదా మూతపడుతుంది. చిదంబరం "ప్రజాభీష్టం" అని గొణిగి చెట్టెక్కబోయాడు. నక్కలు చెట్టెక్కలేవంటారు గానీ, ఆ రోజు సగం దాకా ఎక్కాడని కోతులు చెబుతాయి.

సుందరం కొమ్ములు విదిలించి దిగాడు. చిరుతపులి పంజా పట్టుకుని రెండుసార్లు నొక్కాడు.

అది పడలేదు.

మళ్ళీ నొక్కాడు. "పడండి," అన్నాడు లోగొంతుకతో.

"ఏమిటీ?"

"ఇక్కడ మీరు పడాలండీ."

తను తినబోయేది ఇంత మర్యాదగా మాట్లాడటం చిరుతపులి ఎన్నడూ వినలేదు. ఒక్క క్షణం ఆగింది.

ఆ క్షణంలో జోగన్న చాలా ఆలోచించాడు. ఇవాళ తను చేయాల్సిందల్లా ఓడిపోవడం. ఇప్పుడు దిగితే ఓడిపోవడానికి వీల్లేదు. నూరో గీత ఉండదు, పై రేవు ఉండదు. దిగకపోతే దుప్పి ఉండదు.

దిగాడు. చిరుతపులి కళ్ళల్లో మన్ను కొట్టాడు. తోక కొరికాడు, ఈసారి పళ్ళు దిగేలా. ఎత్తి నేలకేసి కొట్టాడు. చిరుతపులి కుంటుకుంటూ అడవి దాటింది.

జనం లేచి నిలబడ్డారు.

"దొంగ కుస్తీ! ఒకరి మీద ఇద్దరా!"

"మన్ను కొట్టాడు, నా కళ్ళతో చూశాను!"

"ఇంకోసారి నొక్కితే పడేదే," అన్నాడు సుందరం, జోగన్న వెనక నిలబడి.

మర్నాడు ఏనుగు అధ్యక్షతన పంచాయతీ కూర్చుంది. "ఇదంతా ఆటేనని చెప్పండి, చిదంబరంగారూ," అని బతిమాలాడు జోగన్న.

"చెబుతానన్నది నూరోది ఓడిపోయాక కదయ్యా? నిన్న నువ్వు గెలిచి కూర్చున్నావు!"

తీర్పు వచ్చింది. సుందరానికి అడవి రక్షకుడనే బిరుదు. జోగన్నకి పై రేవు శాశ్వతంగా నిషేధం. చిరుతపులి మళ్ళీ రావచ్చు గనుక, రక్షకుడి కంటి ముందు ఉండేలా, ఈ దుర్మార్గుడు సుందరానికి పదడుగుల లోపే ఉండాలి. చివరి షరతు కోరినవాడు సుందరమే.

పై రేవుకి జోగన్న రాకూడదు. జోగన్న లేకుండా సుందరం కదలడు. అందుకని సుందరమే దిగువ రేవుకి దిగాడు. రక్షకుడున్న చోటే క్షేమమని కుందేళ్ళూ, కోతులూ, చివరికి ఏనుగూ అక్కడికే చేరాయి. బురదనీళ్ళు తాగుతూనే జోగన్నని "ఛీ" అంటాయి. జోగన్న గుర్రుమంటాడు. పిల్లలు ముచ్చటపడతారు.

పై రేవులో అద్దం లాంటి నీళ్ళు. అక్కడ చిదంబరం ఒక్కడే, గుక్కకోసారి వెనక్కి చూసుకుంటూ తాగుతుంటాడు.

నీతి: చప్పట్లు మంచివాడికే కొట్టండి, నీళ్ళు మాత్రం చెడ్డవాడి పక్కనే తాగండి.