మా ఆయన సివిల్‌ను పొగిడారు

మా ఆయన యలమందరావు గారికి పెదనందిపాడులో పురుగుమందుల కొట్టు ఉంది. ఆయన ఏ మందు అమ్మదలుచుకుంటే ఆ మందును ముందు తిడతారు.

"అది నీకెందుకులే బాబాయ్. పెద్ద రైతులు కొట్టేది. నువ్వీ మామూలుది పట్టుకెళ్ళు," అంటారు.

బాబాయికి మీసం లేస్తుంది. "ఏం, నేనేసింది మిరప కాదా? అదే తియ్ బయటికి!" అంటాడు. మా ఆయన ఎంతో అయిష్టంగా, అప్పటికే బల్ల మీద పెట్టి ఉంచిన డబ్బాను అతని చేతిలో పెడతారు.

ఈ పద్ధతిని నా మీద కూడా ఒకసారి ప్రయోగించారు. "పుట్టింటికి వెళ్ళు. నెల రోజులుండి రా. నాకేం ఇబ్బంది లేదు," అన్నారు. వెళ్ళాను. నెల రోజులున్నాను.

ఈ ఏడాది మా అమ్మాయి తేజశ్రీకి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఏ బ్రాంచీ అనుకుంటుండగా, "నేను సివిల్ తీసుకుంటాను నాన్నా," అంది అన్నాల దగ్గర.

దానికి కారణం మా వాగు మీది చప్టా. గట్టి వాన పడితే మునిగిపోతుంది. కాలేజీ బస్సు అవతలే ఆగిపోయేది. పిల్ల గట్టున నిలబడి మొదట్లో ఆ చప్టా కట్టినవాళ్ళను తిట్టుకునేది. తర్వాత తిట్టడం మానేసి, ఎంత ఎత్తున కట్టి ఉంటే సరిపోయేదో లెక్కలు వేయడం మొదలుపెట్టింది.

మజ్జిగ పోసుకుంటున్న మా ఆయన చేయి ఆగింది. ఆయన మనసులో తేజశ్రీ ఎప్పుడో కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసి, హైదరాబాదులో ఏసీ గదిలో స్వెట్టరు వేసుకుని కూర్చుని ఉంది.

అయినా కాదనలేదు. చేయి కడుక్కుని వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు.

"వద్దంటే మొండికేస్తుంది కోటేశ్వరీ. రేపట్నుంచి నేను సివిల్‌ను పొగుడుతా. కంప్యూటర్లు నీ వల్ల కావంటా. పౌరుషమొచ్చి కంప్యూటర్లే పట్టుకుంటుంది, చూస్తుండు."

"అది ప్రతి వేసవి సెలవులకీ మీ కొట్లోనే కూర్చుందండీ," అన్నాను.

"కూర్చుంటే?"

"ఏం లేదు."

మర్నాడు ఇడ్లీల దగ్గర మొదలుపెట్టారు. "సివిల్ బంగారమే తల్లీ. కంప్యూటర్లంటావా, బుర్రున్నవాళ్ళ చదువు. నీకెందుకులే."

"నిజమే నాన్నా. నాకూ అదే అనిపించింది," అంది తేజశ్రీ.

ఆయన నావైపు చూశారు. నేను చట్నీ వైపు చూశాను.

ఆయన కొట్టుకు వెళ్ళాక తేజశ్రీ నా పక్కన చేరి, "అమ్మా, నాన్న నాకు మందు అమ్ముతున్నాడు," అంది.

సాయంత్రం ఆయన నాతో, "మోతాదు చాలలేదు. పెంచాలి," అన్నారు.

పెంచారు. పసుపుపచ్చ హెల్మెట్ ఒకటి కొనుక్కొచ్చారు. "రోజంతా ఇది నెత్తిన పెట్టుకుని సిమెంటు దుమ్ములో తిరగాలి. ఎంత దర్జా!" అన్నారు. అద్దంలో చూసుకుని పిల్ల హడలిపోతుందని ఆయన అంచనా. పిల్ల అద్దంలో చూసుకుని ఫొటో తీసుకుంది. 'నాన్న ప్రోత్సాహం' అని రాసి బంధువులందరికీ పంపింది.

వేటపాలెం నుంచి మా అత్తగారు సుబ్బరావమ్మ గారు వెంటనే ఫోను చేశారు. తేజశ్రీ స్పీకర్ నొక్కి తండ్రి ముందు పెట్టింది.

"ఏరా, ఆడపిల్లని మేస్త్రీని చేస్తావట్రా? బుద్ధుందా నీకు?"

ఆయనకు తల్లి మాటలు అమృతంలా వినిపించి ఉంటాయి. కానీ ఎదురుగా కూతురుంది.

"మేస్త్రీ కాదమ్మా, ఇంజనీరు. దేశమంతా వాళ్ళ మీదే నిలబడి ఉంది," అన్నారు నీరసంగా.

"అంతేనంటావా? తండ్రివి, నువ్వే అన్నాక నాదేముందిలే," అని ఆవిడ పెట్టేశారు.

ఇక ఎండే దిక్కనుకున్నారు. గుంటూరు రోడ్డు పక్కన కాంట్రాక్టరు ఏసుబాబు గారు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ కట్టిస్తున్నారు. జూలై వచ్చినా ఎండ తగ్గలేదు. మిట్టమధ్యాహ్నం పిల్లను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఒకరికి వడదెబ్బ తగిలింది. తేజశ్రీ ఆయన్ను పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

తడి తువ్వాలు కింద నుంచి ఆయన ఆశగా అడిగారు. "ఎండ బాగా కాల్చేసిందా తల్లీ?"

"ఎండా? చూసుకోలేదు నాన్నా. పునాదులు చూపించారు."

ఆయన తువ్వాలు కళ్ళమీదికి లాక్కున్నారు.

"ఇక నిజం చెప్పేయకూడదటండీ?" అన్నాను.

"ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ అబద్ధమాడానని తెలిసిపోదూ?"

"ఆడారు కదండీ."

"అది వేరే సంగతి."

కాలేజీ, బ్రాంచీ ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు చివరి రోజు వచ్చింది. కొట్లో నెట్ బాగా వస్తుందని తేజశ్రీ లాప్‌టాప్‌తో అక్కడే కూర్చుంది. నేను క్యారియరు తీసుకుని వెళ్ళేసరికి హయాత్ కూడా వచ్చాడు, వాళ్ళమ్మాయి సమీరాతో. సమీరా మా పిల్లతోనే ఇంటరు చదివింది.

హయాత్‌కు మాత్రం మా ఆయన ఏ మందునూ తిట్టి అమ్మరు. చిన్నప్పటి స్నేహం. ఉన్నదున్నట్టు చెబుతారు.

"సివిల్ బంగారమని మీ అమ్మాయికి చెబుతున్నావంటగా అన్నా. మా సమీరా కూడా అదే కావాలంటోంది. పెట్టించేదా?" అన్నాడు హయాత్.

అలవాటు కొద్దీ మా ఆయన నోట నిజం వచ్చేసింది. "వద్దు హయాత్. ఎండలో తిరిగే పని. ఆడపిల్లకి కంప్యూటర్లే మేలు."

హయాత్ ముఖం ముడుచుకుంది. "అంటే? మీ అమ్మాయికి బంగారం, మా అమ్మాయికి ఎండా?"

"అదికాదు..."

తేజశ్రీ లాప్‌టాప్ మీంచి తలెత్తింది. "ఏది కాదు నాన్నా?"

నిజం చెబితే కూతురి ముందు అబద్ధాలకోరు. చెప్పకపోతే స్నేహితుడి ముందు స్వార్థపరుడు. మా ఆయన ముందు కూతుర్ని చూశారు, తర్వాత హయాత్‌ను, చివరికి నన్ను. నేను క్యారియరు గిన్నెలు విడదీస్తున్నాను.

"ఏం లేదు. నీ ధైర్యం ఎంతో చూద్దామని అలా అన్నాను హయాత్. బంగారమే. పెట్టించు," అన్నారు.

"నేనూ పెట్టేశాను నాన్నా. ఫ్రీజ్ కూడా చేసేశా. ఇక మార్చడానికి కుదరదు," అంది తేజశ్రీ. "సమీరా, ఇటు రా. నీదీ చేసేద్దాం."

హయాత్ మా ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. తన బావమరిది కొడుకును కూడా సలహాకు ఆయన దగ్గరికే పంపిస్తానన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన చాలాసేపు పప్పన్నం కలుపుతూ కూర్చున్నారు. "దానికి మొదట్నుంచీ తెలుసా?" అన్నారు.

"తెలుసు."

"నీకూ తెలుసు."

"తెలుసు."

"మరి ఒక్క ముక్క చెప్పొచ్చు కదే!"

"బేరం జరుగుతుండగా మధ్యలో మాట్లాడొద్దని మీరే కదండీ చెప్పారు," అని పెరుగు వడ్డించాను.