పన్నెండు తీగలు, ఒక డైరీ

ఆ రోజు ఉదయం ఇంట్లో ఉన్నది నలుగురు. రొయ్యల గుంట మీద బతికే కామాక్షయ్య, ఆయన తల్లి పోలేరమ్మ, పెద్ద కూతురు ప్రత్యూష, పదో తరగతి చదివే చిన్న కూతురు స్వర్ణ. పిల్లల అమ్మ వాకాడులో పుట్టింటికి వెళ్ళింది. ఆమె ఇంట్లో ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

వీళ్ళు కాక, వీధివైపు గదిలో ఒక యంత్రం ఉండేది. అల్లూరుకు తూర్పున, సముద్రం చప్పుడు వినిపించే ఆ ఊళ్ళో తుఫాను నీళ్ళు ఎక్కని ఇల్లు కామాక్షయ్యదొక్కటే. అందుకని రొయ్యల కంపెనీ ఆ గదిని తీసుకుని, ఏసీ పెట్టి, బీరువా లాంటి ఇనుప పెట్టెలో యంత్రాన్ని నిలబెట్టింది. పన్నెండు గుంటల గట్ల నుంచి పన్నెండు నల్లటి తీగలు భూమిలోంచి వచ్చి, దానికున్న పన్నెండు రంధ్రాల్లో చేరేవి. నాలుగో రంధ్రంలో ఉన్నది నాలుగో గుంట తీగేనని యంత్రం నమ్ముతుంది. ఏ గుంట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా ఆ గుంట ఆక్సిజన్ అంకె రైతు ఫోనులో ఎర్రబడుతుంది. రైతు పరుగెత్తి, నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటరు చక్రాలు తిప్పుకుంటాడు. ఆలస్యమైతే రొయ్యలు ఆగవు.

ఆ తీగలు వేయించింది ప్రత్యూష. నెల్లూరులో డిప్లొమా చదివి, ఆర్నెల్లుగా గట్లన్నీ తవ్వించి, గొట్టాలు పూడ్పించి, ఒక్కో తీగనూ దగ్గరుండి లాగింది. బడి నుంచి వచ్చాక తీగచుట్ట పట్టుకునేది స్వర్ణ. చెల్లెలి చేతిరాత బాగుంటుందని, ఏ తీగ ఏ గుంటదో తెలిపే చీటీలు ఆమె చేతే రాయించింది. తలుపు మీద ‘అనుమతి లేనివారు లోపలికి రాకూడదు’ అనే బోర్డు కూడా స్వర్ణ రాసిందే. ఆ తలుపు వేలిముద్రకు తప్ప తెరుచుకోదు. అక్కచెల్లెళ్ళ వేళ్ళను మాత్రమే అది గుర్తుపడుతుంది.

ఆ ఉదయం చేయాల్సింది చిన్న పని. నెల్లూరు నుంచి నరేంద్రబాబు అనే ఇంజనీరు వచ్చి అంతా చూస్తాడు. బాగుంటే గది బాధ్యత ప్రత్యూషకు రాసిస్తాడు. బాగాలేకపోతే చెన్నై నుంచి వేరే మనిషి వస్తాడు, ప్రత్యూష పని వెతుక్కుంటూ ఊరు వదలాలి.

“నేను అల్లూరు పొయ్యి సార్‌ను స్కూటీ మీద తీసుకొస్తా. ఎవురడిగినా తలుపు తియ్యబాక మ్మే,” అని చెల్లెలికి చెప్పి ప్రత్యూష వెళ్ళింది.

స్కూటీ మలుపు తిరిగీ తిరగ్గానే పోలేరమ్మ పళ్ళెంతో వచ్చింది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, టెంకాయ, ఒక గిన్నెడు కొబ్బరినూనె ఉన్నాయి.

“తలుపు తియ్యి పాపా.”

“అక్క వద్దనింది అవ్వా.”

“మీ అక్కకేం తెలుసు? కొత్త పడవను బొట్టు పెట్టకుండా నీళ్ళలో దించితే మీ తాత ఊరుకునేవాడా? పెద్దమనిషి చూసేదానికి వస్తా ఉంటే మిషన్ను బోడి నొసలుతో నిలబెడతారా?”

దీనికి చెప్పాల్సిన జవాబు స్వర్ణకు తెలుసు. అయితే స్వర్ణకు మాట నోటిదాకా రావడానికి కొంత సమయం పడుతుంది, పోలేరమ్మకు పట్టదు. జవాబు గొంతు దాటేలోపు అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని వేలు తాళం మీద ఆనించింది.

“నువ్వు పొయ్యి పూలు కొయ్యి,” అని తలుపు దగ్గరగా వేసుకుంది.

ఎనిమిది దాటాక కామాక్షయ్య ఫోను మోగింది. నాలుగో అంకె ఎర్రగా ఉంది. నాలుగో గుంట కామాక్షయ్యదే. ఆయన తాగుతున్న కాఫీ వదిలేసి పరుగెత్తి ఏరేటరు వేశాడు. చక్రాలు తిరిగాయి, నీళ్ళు నురగ కట్టాయి, అంకె ఇంకాస్త తగ్గింది. దాచుకున్న ఆక్సిజన్ మాత్రలన్నీ చల్లాడు. అంకె మళ్ళీ తగ్గింది. గట్టు మీద ఉన్న అమ్మవారి రాయికి దణ్ణం పెట్టుకుని చూశాడు. అప్పుడూ తగ్గింది.

పదకొండో గుంట గంగులయ్య తన గుంటకు వెళ్ళబోతూ పోలేరమ్మ ఇచ్చిన టెంకాయ ముక్కలు తింటూ ఈ కేకలు విన్నాడు. సాటి రైతు కష్టంలో ఉంటే తన పని చూసుకునే మనిషి కాదు. “ఇంకేం చూస్తావు అన్నా, పట్టేద్దాం. చచ్చినాక ఎవురు కొంటారు?” అని వల భుజాన వేసుకుని వచ్చాడు. సగం పెరిగిన రొయ్యను పట్టడమంటే పచ్చి వరి కోసినట్టే. అయినా కామాక్షయ్య కళ్ళు తుడుచుకుని సరేనన్నాడు. ఐసు బండికి ఫోను చేశారు.

ప్రత్యూష నరేంద్రబాబును తీసుకుని వచ్చేసరికి గట్టు మీద ఐసు బండి, నడుం లోతు నీళ్ళలో తండ్రి, ఆయన పక్కన వల విప్పుతున్న గంగులయ్య కనిపించారు. 

నరేంద్రబాబు గట్టు దిగాడు. సంచిలోంచి చేతి మీటరు తీసి నీళ్ళలో ముంచాడు. “ఐదు పాయింట్ ఎనిమిది. ఈ గుంటకేం రోగం లేదండీ. వల తీసేయండి.”

“ఫోను రెండు పాయింట్ నాలుగు అంటా ఉంది సార్!”

“అయితే ఆ రెండు పాయింట్ నాలుగు ఇంకెవరిదో.” ఆయన ప్రత్యూష వైపు చూశాడు. “ఏ గుంటదమ్మా?”

అందరూ గదికి పరుగెత్తారు. యంత్రం మెరిసిపోతూ ఉంది. పైన నిమ్మకాయ, ప్రతి రంధ్రం పక్కనా కుంకుమ బొట్టు. తీగలకు ఒక్క చీటీ లేదు.

“అవ్వా, చీటీలేవి?” అంది ప్రత్యూష.

“నూనె రాసి లాగేసినా. కొత్త స్టీలు గిన్నెకు తియ్యమా, అట్టా. అన్నీ బయటికి పీకి తుడిచి, పొట్టివి ముందు, పొడుగువి ఎనక, వరసగా పెట్టినా. నువ్వు పెట్టినప్పుడు వంకర టింకరగా ఉన్నిందిలే, చెప్పలేదు.”

“ఏ తీగ ఏ రంధ్రంలోదో గీసి పెట్టె తలుపు లోపల అంటించిన పటం?”

“అందులోనే గదా టెంకాయ ముక్కలు పెట్టిచ్చినా.”

గంగులయ్య తల వంచుకుని, “తిని కాలవలో పారేసినా పాపా,” అన్నాడు.

అన్ని ఏరేటర్లూ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతుంది, కిందటేడు పోయింది. పన్నెండు గుంటలూ మీటరుతో తిరగాలంటే గంట పడుతుంది. రెండు పాయింట్ నాలుగు కాస్తా రెండు పాయింట్ ఒకటి అయింది.

“నా దగ్గర ఉన్నాయి,” అంది స్వర్ణ.

ఏసీ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆమె రెండోసారి అంది. మూడోసారి అనలేక, లోపలికి వెళ్ళి డైరీ తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

తీగ మీద మీటరుకొక అంకె అచ్చు వేసి ఉంటుంది. తీగ కోసినప్పుడల్లా కొసన ఉన్న అంకెను స్వర్ణ అక్కకు చదివి చెప్పేది. ఆమె ఏది చదివినా డైరీలో రాసుకుంటుంది. చీటీలు ఊడినా ఆ అంకెలు తీగల మీద అలాగే ఉన్నాయి. కష్టం ఒక్కటే. డైరీలో ఆ అంకెలు విడిగా లేవు.

ప్రత్యూష యంత్రం ముందు కూర్చుని నాలుగో రంధ్రంలోని తీగను లైటు కింద పెట్టి చూసింది. “వెయ్యిన్నీ నూట ఎనభై ఏడు.” డైరీ తీసుకుని పేజీలు తిప్పడం నరేంద్రబాబు వంతయింది. ఆయన పద్ధతిగల మనిషి. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఏ వాక్యమూ వదలకుండా పైకి చదివాడు.

“ఒకటో గుంట, రెండొందల ముప్పై ఆరు. ఈ రోజు అవ్వ చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. నాయన బాగుందన్నాడు, దొడ్లోకి పోయి ఊశాడు.”

పోలేరమ్మ కొడుకు వైపు చూసింది. కామాక్షయ్య ఏసీ వైపు చూశాడు.

“ఆరో గుంట, ఐదొందల పన్నెండు. సార్ ఫోనులో చెప్పింది అక్కకు అర్థం కాలేదు. ఓకే సార్ అని పెట్టేసి, వీడియోలు చూసి నేర్చుకుంది. ఫొటోలో సార్ మీసం రొయ్య మీసం లాగే ఉంటుంది. రొయ్యది కదులుతుంది.”

 నరేంద్రబాబు మీసం కదలలేదు. ఆయన పేజీ తిప్పాడు.

“ఏడో గుంట, ఎనిమిదొందల నాలుగు. మొన్న వేసిన తీగ గొట్టంలో మడత పడింది. అయినా పని చేస్తోంది. అక్క దాన్ని పీకేసి వానలో మళ్ళీ మొత్తం లాగింది. సార్ చూడరు గదా అన్నాను. రొయ్యలు చూస్తాయి అంది.”

ఆయన ఆ వాక్యాన్ని రెండోసారి లోపలే చదువుకున్నాడు. తర్వాత ఇంకో రెండు పేజీలు తిప్పాడు.

“వెయ్యిన్నీ నూట ఎనభై ఏడు. పదకొండో గుంట. గంగులయ్య మామ మంచివాడు. అందరి గుంటలూ చూస్తాడు, తనది తప్ప.”

గంగులయ్య భుజం మీద వల ఇంకా అలాగే ఉంది. దాన్ని అక్కడే పడేసి, వాకిలి దాటి, తన జీవితంలో ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తాడు. పది నిమిషాలకు పదకొండో గుంటలో ఏరేటర్లు తిరిగాయి. ఫోనులో, కామాక్షయ్య గుంటగా ఉన్న నాలుగో అంకె మెల్లగా పైకి లేచింది. నీళ్ళ పైకి తేలిన రొయ్యలు తిరిగి అడుక్కు దిగాయని గంగులయ్య ఫోను చేసి చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

మధ్యాహ్నానికి నరేంద్రబాబు చదువుతుంటే ప్రత్యూష పన్నెండు తీగలనూ వాటి వాటి రంధ్రాల్లో పెట్టింది. ఆలోగా ఆ ఇంటి గురించి ఆయనకు తెలియనిది పెద్దగా మిగల్లేదు. చేతులు తుడుచుకుని, కాగితం మీద సంతకం చేసి ఆమెకిచ్చాడు.

“గది నీదమ్మా. అర్థం కానప్పుడు ఓకే సార్ అనొద్దు, మళ్ళీ అడుగు. ఇంకొకటి. ఇక్కడ వేరే రికార్డేమీ లేదు కాబట్టి ఈ పుస్తకమే రికార్డు. పెట్టెలోనే ఉండాలి, బయటికి పోకూడదు. నీ వేలు తప్ప ఇంకెవరి వేలూ ఈ తలుపుకు పనికిరాకూడదు.”

“అట్నే సార్,” అంది ప్రత్యూష. ఈసారి ఆమెకు అంతా అర్థమైంది. అక్కడికక్కడే చెల్లెలి వేలిముద్ర తీసేసింది. డైరీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పెట్టె తలుపుకు లోపలివైపు తగిలించింది. పోలేరమ్మను నిమ్మకాయతో సహా బయటికి పంపింది. చివరికి గుమ్మంలో స్వర్ణ మిగిలింది.

“అక్కా, నా డైరీ...”

“రూల్ మ్మే,” అంది ప్రత్యూష ప్రేమగానే, తలుపు వేసేసింది.

తలుపు మీది బోర్డు స్వర్ణ ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. అక్షరాలు నిజంగానే బాగున్నాయి.