రొయ్యలు మాయమైన తొట్టి

ఇలా దగ్గరికి జరగండి, ఆ కుర్చీ లాక్కోండి. కాళ్ళు ఎటు చాపుకున్నా ఫరవాలేదు, చెవులు మాత్రం ఇటు పెట్టండి. ఓపిక గురించి ఒక కథ చెబుతాను. కంగారు పడకండి, నీతికథ కాదు.

పోస్టాఫీసులో ముద్రలు వేసే ఒకాయన ఉండేవాడు. కవరు బల్ల మీద పడీపడకముందే ముద్ర పడేది. ఒకసారి ఎవరి బొటనవేలి మీదో కూడా పడిందట. అందుకే అందరూ ఆయన్ని ఎక్స్‌ప్రెస్ అనేవారు. ఇంట్లోనూ అదే వరస. పన్నెండేళ్ళ కాపురంలో భార్యకూ, వాళ్ళ దగ్గరే ఉంటున్న ఆవిడ తల్లికీ ఒక విద్య అబ్బింది. ఆయన కేక వెయ్యకముందే పని ముగించెయ్యడం, ముగించామని చెప్పకపోవడం. చెబితే "ఇప్పటికా?" అంటాడు కదా.

అలాంటి మనిషి పన్నునొప్పితో డాక్టరు దగ్గర కూర్చుని, అక్కడి గాజుతొట్టిలో సముద్రపు చేపల్ని చూస్తూ గంటసేపు గడియారం వైపు తల తిప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి గంట ఆయనకు దొరకలేదు. అది ఇంట్లో కావాలనిపించింది. ఆదివారం పొద్దున్నే లెక్క వేసుకున్నాడు: తొమ్మిదికి తొట్టి, పదికి ఉప్పునీళ్ళు, పదకొండుకు చేపలు, పన్నెండుకు భోజనం.

తొట్టి నింపిన చేపల షాపతను ఆ లెక్కను అందులోనే ముంచాడు.

"చేపలకు ఆరు వారాలు ఆగాలండి."

"ఆరు నిమిషాలా?"

"వారాలు సార్. ఇప్పుడు వేస్తే చేప మలినమే చేపకు విషం. ఆ విషాన్ని తినే కంటికి కనబడని పురుగులు ముందు ఈ రాళ్ళ మీద పెరగాలి. వాటి కోసం ఒక పచ్చి రొయ్య వేసి కుళ్ళనివ్వండి. రోజూ కాసిని నీళ్ళు బయటికి తీసి, ఈ చుక్కలమందు కలిపి చూస్తూ ఉండండి. నీళ్ళు ముందు ఆకుపచ్చగా తిరగాలి, అంటే విషం పుట్టినట్టు. తర్వాత పసుపు రావాలి, అంటే పోయినట్టు."

"మూడు రొయ్యలు వేస్తే రెండు వారాల్లో అవుతుందా?"

"ఇది మీ పోస్టాఫీసు కాదు సార్."

తొట్టికి చోటు కిటికీ దగ్గరే దొరికింది. అప్పటిదాకా అక్కడ భార్య కుట్టుమిషను ఉండేది. పదిమందికి బట్టలు కుట్టే మనిషి, ఇప్పుడు వంటింటి మూలకు పోయింది.

"చీకట్లో సూదికి దారం ఎక్కించలేక చస్తున్నానండీ. ఆరు వారాలు ఇస్తున్నా. ఆఖరి రోజు పొద్దుగూకేలోగా ఇందులో చేప తిరగకపోతే ఇది షాపుకు, నా మిషను ఇక్కడికి."

"సరే" అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. రొయ్య సంగతి చెప్పలేదు. చెప్పాలంటే రెండు నిమిషాలు పడుతుంది.

మూడోరోజు తొట్టి అడుగున ఉబ్బిన రొయ్య భార్య కంటపడింది. "సంచి విదిలిస్తూ పడేసి ఉంటాడు, ఏం తొందరో!" అనుకుని గుట్టుగా తీసి పారేసింది. ఆయన సాయంత్రం వచ్చి చుక్కలు వేస్తే పసుపు! షాపుకు పరుగెత్తాడు.

"మేడ ఎక్కకుండానే దిగేస్తున్నారు సార్. ముందు ఆకుపచ్చ రావాలి. ఇంకో రొయ్య వెయ్యండి."

రెండోది అత్తగారు తీసేసింది. అల్లుడి పొరపాటు కూతురి కంటపడితే రభస అవుతుందని ఆవిడ భయం. మూడోది మళ్ళీ భార్య, నాలుగోది మళ్ళీ అత్తగారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రొయ్యలమ్మే ఆవిడ మాత్రం అడిగేసింది. "ఏం బాబూ, ఎప్పుడూ ఒక్క రొయ్యేనా? ఇంటిల్లిపాదీ వంతులేసుకుని వాసన చూస్తారా?"

రెండు వారాలైనా నీళ్ళు పసుపే. షాపతను గడ్డం గోక్కున్నాడు. "రాళ్ళల్లో ఏదైనా జీవి దాక్కుని వచ్చిందేమో. ఒక రకం ఉంటుంది సార్, కొడితే వేలు చీలుతుంది."

ఎక్స్‌ప్రెస్ ఇంట్లోకి వస్తూనే చాటేశాడు. "తొట్టిలో ఏదో ఉంది! రొయ్యల్ని మింగుతోంది! వేలు పెడితే వేలుండదు!"

భార్య కుడిచేతిని వెనక్కి దాచుకుంది. అత్తగారు తన చూపుడువేలు చూసుకుంది. డబ్బా మూత తీస్తుంటే పడిన గీత ఒకటి ఉంది. అది మూతదని ఇప్పుడు ఆవిడకు నమ్మకం లేదు. సాయంత్రానికి కట్టు మణికట్టుదాకా పాకింది.

"ఏమైంది అత్తయ్యా?"

"తలుపు సందులో నలిగింది బాబూ."

డాక్టరు దగ్గర తలుపు మాట చెల్లలేదు. "ఏం కరిచిందమ్మా?" "తెలియదు నాయనా, అది బయటికి రాలేదు." తెలియని జీవి కదా అని ఆయన మూడు ఇంజెక్షన్లు రాశాడు.

ఐదో రొయ్య జోలికి ఎవరూ పోలేదు. అది కుళ్ళింది. ఇల్లంతా ముక్కు మూసుకుంది. గాజు మీద మట్టిరంగు పాచి పట్టింది. గుడ్డ పట్టుకుని ముందుకు రావడం, వెనక్కి పోవడం భార్యకు రోజూ పనైపోయింది. "ఈ మురికి చూడలేకపోతున్నానండీ!" "తుడుచుకో. వేలు పోతే నన్నడగకు." ఇగిరిన నీళ్ళకు బదులు, కర్రకు చెంబు కట్టి దూరం నుంచి పోసేవారు. ఎక్స్‌ప్రెస్ చుక్కల పరీక్ష కూడా మానేశాడు. ముద్రలు వెయ్యాల్సిన వేళ్ళవి.

ఆరు వారాలు నిండిన రోజు పొద్దున్నే భార్య షాపతన్ని బకెట్లతో సహా పిలిపించింది. ఎక్స్‌ప్రెస్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "మాట మాటే. తీసుకుపొమ్మను" అన్నాడు.

షాపతను మోచేతిదాకా చొక్కా మడిచాడు.

"వద్దు బాబూ, కరుస్తుంది!" తల్లీకూతుళ్ళు ఒక్కసారే అరిచారు.

అతను రాళ్ళన్నీ తిరగేశాడు. "ఏమీ లేదమ్మా ఇందులో."

"మరి నా రొయ్యల్ని ఎవరు తిన్నారు?" అన్నాడు ఎక్స్‌ప్రెస్.

భార్య ముందుకొచ్చింది.

"తినలేదండీ. పారేశాను. రెండు."

"నేనూ రెండు. నీ పరువు పోతుందని, బాబూ."

"అత్తయ్యా! మరి ఆ ఇంజెక్షన్లు?"

"మూడూ అయిపోయాయి నాయనా."

ఎక్స్‌ప్రెస్ నేల మీద చతికిలబడ్డాడు. "పుట్టాక మొదటిసారి ఓపిక పట్టానే! పట్టనిచ్చారా మీరు?"

ఈలోగా షాపతను నీళ్ళు తీసి చుక్కలు వేశాడు. పసుపు.

"తెలుసులేవయ్యా, మొదటినుంచీ పసుపేగా!"

షాపతను ఇంకో సీసా తీసి చుక్కలు కలిపాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. "ఆఖరి రొయ్య వేసి ఎన్నాళ్ళైంది సార్?"

"నాలుగు వారాలు."

"ఎవరూ తియ్యలేదా?"

"ఎవరి వేళ్ళు వాళ్ళకు ముద్దు కదా" అంది భార్య.

"అదే మంచిదైంది. విషం పుట్టింది, పురుగులు పెరిగాయి, మొత్తం తినేశాయి. పురుగులు విషాన్ని తింటేనే ఈ ఎరుపు వస్తుంది. ఆకుపచ్చ వచ్చి పోయింది, చూసే ధైర్యం మీకు లేకపోయింది. తొట్టి సిద్ధం సార్."

పొద్దుగూకడానికి ఇంకా గంటుందనగా రెండు నారింజరంగు చేపలు అందులో తిరిగాయి. పక్కనున్న బీరువాను మూరెడు జరిపితే మిషను కూడా కిటికీ దగ్గరే పట్టింది. ఆ మూరెడు ముందే కొలిచి చూసే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఈ కథ గుర్తుపెట్టుకుని మీ వాళ్ళకు చెప్పండి. ఓపిక పట్టమంటే ఎవరూ వినరు, కరుస్తుందని చెప్పండి.